ట్రీనా వ్యాసం

"మా అమ్మాయి రాయలేదని మీరెలా చెప్తారు ఫాదర్?"

డోరిస్ కొవాచ్ విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన ఉత్తరాన్ని బల్ల మీద పెట్టి, కూర్చోమనకుండానే కూర్చుంది. హైస్కూలు వంటశాల నుంచి నేరుగా వచ్చినట్టుంది, ఒంటి మీద ఏప్రన్ అలాగే ఉంది.

ఫాదర్ ఫినెర్టీ కళ్లజోడు తీసి కళ్లు నలుపుకున్నాడు. జెస్యూట్ సభ క్రైస్తవ గురువులు నడిపే ఆ విశ్వవిద్యాలయంలో ముప్పై ఆరేళ్లుగా ప్రవేశాలు చూస్తున్నది ఆయనే. పెన్సిల్వేనియాలోని ఆ బొగ్గు లోయలో ఇవాళ డాక్టర్లయినవాళ్లూ, టీచర్లయినవాళ్లూ, ఇద్దరు జడ్జీలూ ఒకప్పుడు ఈ బల్ల ముందు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నవాళ్లే. జూన్‌లో ఆయన పదవి నుంచి దిగిపోతున్నాడు. ఈలోగా ఈ వారంలోనే తొమ్మిదిమంది తల్లిదండ్రులు వచ్చి, ప్రవేశ దరఖాస్తుతో పంపిన వ్యాసాలు పిల్లలే రాశారని ఒట్లు పెట్టి వెళ్లారు. ఈమె పదో మనిషి.

"చూడమ్మా, ఇది ఇంటి పెద్ద గురించి రాసిన వ్యాసం. గనిలో పనిచేసి ఊపిరితిత్తులు పాడైన మనిషి. పడుకుంటే ఊపిరాడక వంటింటి కుర్చీలో కూర్చునే నిద్రపోయేవాడు. అవునా?"

"మా నాన్న. ట్రీనాకి తాతయ్య. అందులో తప్పేముంది?"

"ట్రీనా పుట్టేసరికి ఆయన పోయి ఎన్నేళ్లు?"

"ఆరేళ్లు. నేను చెప్పాను, అది రాసింది."

"పేపరు చదివి వినిపిస్తుంటే ఆయనకి దగ్గు వచ్చేదట. తగ్గేదాకా చదివే పిల్ల వేలు ఆ అక్షరం మీదే పెట్టుకుని ఉండేదట. ఇది విన్నది రాసినట్టు లేదమ్మా. చూసింది రాసినట్టుంది."

"అంటే వంటమనిషి కూతురికి అంత తెలివి ఎక్కణ్ణుంచి వస్తుందనా మీ ఉద్దేశం?"

"నేనలా అన్నానా?" ఫాదర్ గొంతు పెరిగింది. "పొద్దుటి నుంచీ గుక్కెడు కాఫీ తాగలేదు. ఒక్క నిజం చెప్పమని అడుగుతున్నాను. అంత కష్టమా?"

"చర్చి పూజలో ఓర్పు గురించి బానే చెప్తారుగా ఫాదర్."

"పూజలో ఎవరూ నాకు ఎదురు మాట్లాడరు కాబట్టి. ఆఖరిసారి అడుగుతున్నాను. చెప్పకపోతే ఈ దస్త్రం ఇప్పుడే మూసేస్తాను. రాసిందెవరు?"

పక్కగదిలో టైపు మిషను ఆగింది. డోరిస్ కిటికీ వైపు చూసింది. ఆవరణలో పిల్లలు పుస్తకాలు చంకన పెట్టుకుని, ఏదో వాదించుకుంటూ పోతున్నారు.

"నేనే," అంది చివరికి. "దాని చేత రాయిద్దామనే కూర్చున్నాను. మొదలుపెట్టాక నా చెయ్యి ఆగలేదు. ఈ మెట్లెక్కి చదువుకోవాలని నాకెంత ఉండేదో. నాకెలాగూ లేకపోయింది, దానికైనా దక్కాలని..." ఏప్రన్ అంచుతో ముఖం తుడుచుకుంది. "తప్పు నాది. దాని పేరు కొట్టెయ్యకండి ఫాదర్."

"ట్రీనాకి ఇక్కడ సీటు ఇవ్వడం కుదరదు."

డోరిస్ లేచి నిలబడింది.

"కూర్చోమ్మా, నా మాట ఇంకా పూర్తికాలేదు," అన్నాడు ఫాదర్ విసుగ్గా. "సోమవారం మీ ట్రీనా ఇక్కడికి వచ్చింది. నర్సింగ్ స్కూల్లో చేరడానికి అన్నీ కుదుర్చుకుందట. మీకు చెప్పడానికి భయమేసిందట. వ్యాసం మీరే రాశారని అప్పుడే చెప్పింది. కానీ ఆ మాట మీ నోటి నుంచి రాకుండా నేనేం చెయ్యను?"

ఆయన సొరుగు లాగి, గుండ్రటి చేతిరాతతో నింపిన కొత్త ప్రవేశ దరఖాస్తు ఒకటి తీసి ఆమె ముందుకు జరిపాడు.

"మీ పేరు మీద మీ అమ్మాయే అంతా నింపింది. సంతకం మాత్రం మీరే పెట్టాలట."