దయ్యం చేతిలో బూటు

దయ్యాల మీద ఉన్న శ్రద్ధలో పావు వంతు కారుతున్న కుళాయి మీద పెట్టినా ఆ ఇల్లాలు మొగుణ్ణి నెత్తిన పెట్టుకునేది. పిల్లల కోసం దయ్యాల బొమ్మల కథ గీస్తున్న ఆ మహానుభావుడు, చివరి పేజీ కనబడక ఇల్లంతా పీకి పందిరేస్తున్నాడు. సాయంత్రంలోగా ప్రెస్ వాళ్లకు ఇవ్వకపోతే సెలవులకు పుస్తకం రాదు.

పేజీ మీద కూతురు కూర్చుని ఉంది.

"లేవ్వే తల్లీ, నలిగిపోతుంది."

"లేవను. ఇందులో నువ్వు దయ్యాన్ని కాల్చేశావు."

"కాల్చక? ఆ పిల్లను పుస్తకమంతా తరిమింది కదే."

"తరమలేదు నాన్నా. అమ్మా, నువ్వే చూడు."

తల్లి చేతులు తుడుచుకుని మిగతా పేజీలు తిప్పింది. అడవిలో పరిగెడుతున్న పిల్ల కాలి బూటు ఒకటి ఊడిపోయింది. ఆ తర్వాత పాడుబడ్డ కోటలో, సొరంగంలో, వంతెన మీద, ప్రతి బొమ్మలోనూ ఆ బూటు దయ్యం చేతిలో ఉంది.

"ఈ బూటేమిటండీ?"

"చెయ్యి బోసిగా ఉందని పెట్టాను. నాకు వేళ్లు గీయడం రాదని నీకు తెలుసుగా."

"అది ఇచ్చేద్దామనే పాపం వెనకాల పరిగెడుతోంది," అంది కూతురు. "ఈ పిల్లే ఆగి చావట్లేదు."

తల్లికి నవ్వొచ్చింది. ఆయన మాత్రం నేల మీద చతికిలబడి మొదటి నుంచీ చూసుకుంటున్నాడు. వంతెన దగ్గర ఆగిపోయాడు. అక్కడ జోరు వానలో దయ్యం నిలువునా తడుస్తూ, బూటును మాత్రం చంకలో దాచుకుంది.

"ప్రెస్ వాళ్ల ఫోనండీ."

"ఇంకొక్క రాత్రి గడువడుగు, కాళ్లయినా పట్టుకో," అని కూతురి వైపు తిరిగాడు. "తప్పు నాదేనమ్మా. దాన్ని పుట్టించిన నేనే అపార్థం చేసుకున్నాను."