యేసుపాదం గోలు

యూనివర్సిటీ పాత ఆటలన్నిటినీ యంత్రాలు వెలుగుబొమ్మలతో మళ్లీ ఆడించే కాలం వచ్చాక, ఆ గ్రౌండులో మనుషులు ఆడడం మానేశారు. బాస్కెట్‌బాల్ చరిత్ర నెల క్రితమే పూర్తయింది. ఫుట్‌బాల్ ఫొటోలు ఎప్పుడో తుఫానులో పోయాయి. అందుకని ఆనాటి ఫుట్‌బాల్ జట్టులో మిగిలిన ఒక్క గవరయ్యను సరిచూడమని పిలిచారు.

సాయంత్రం వెలుగుబొమ్మలతో ఆనాటి ఫైనల్ మొదలైంది. పదో నంబరు చొక్కా వేసుకున్న కుర్రాడు ముగ్గుర్ని తప్పించి గోలు కొట్టాడు. వాడి ముఖం గవరయ్యదే.

"ఏటమ్మా ఇది? నాను ఆ రోజు బెంచీ మీద కూకున్నాను. ఆ గోలు యేసుపాదానిది."

యంత్రం నడిపే దమయంతి నవ్వింది. "ఆయన ఫొటో లేదు తాతగారూ. మీది హాస్టల్ కార్డు మీద దొరికింది. ఊఁ అనండి చాలు, గోలు మీ పేరునే ఉండిపోతుంది."

"ఆడి ముక్కు వంకర. పరిగెడితే ఎడం భుజం వాలీది. అలాగ గీయించు."

"ఫొటో లేకపోతే, ఇంకొకరు కూడా అవునంటేనే యంత్రం ఒప్పుకుంటుంది. ఆ ఆట చూసినవాళ్లు ఎవరైనా ఉన్నారా?"

గవరయ్య ఒక్కొక్క పేరూ లోపలే తలచుకున్నాడు. ఎవరూ లేరు.

"నా మొకం తీసియ్యమ్మా."

"అప్పుడక్కడ ఎవరూ కనబడరు, తాతగారూ!"

"కనబడకపోతే మానె."

ఆట మళ్లీ మొదలైంది. ఈసారి బంతి ఒక్కటే దొర్లుకుంటూ వచ్చింది. ముగ్గురు దాన్ని ఆపబోయి జారిపడ్డారు. బంతి వలలో పడింది. పదిమంది పరిగెత్తుకొచ్చి ఖాళీ గాలిని కౌగిలించుకున్నారు.

గవరయ్య లేచి నిలబడి "యేసూ!" అని కేక పెట్టాడు. తోడు అరిచే గొంతు ఒక్కటీ లేదు.