అంకె పక్కన అక్షరం

ముసలాయన లోపలికి రాగానే హరిణి ముక్కు మూసుకుంది.

"సార్, చెరువు కట్ట మీద మన పెట్టె తెరస్తా ఉంటే పట్టుకొస్తిని" అన్నాడు గార్డు నంజప్ప.

ముసలాయనకు మోకాళ్ళ దాకా నల్లటి బురద. కాడుగోడి దగ్గరి ఆ చెరువులో నీళ్ళకంటే మురుగే ఎక్కువ. ఆ మురుగులో ఈ మారతహళ్ళి ఆఫీసు వాళ్ళ అపార్ట్‌మెంట్లదీ ఉంది.

"మా పెట్టెతో నీకేం పని?" అన్నాడు మేనేజరు హేమంత్‌కుమార్.

"నీళ్ళు సూసి..."

"బాబోయ్, కార్పెట్!" అని అరిచింది హరిణి.

ఆ పెట్టె రోజుకు మూడుసార్లు చెరువు నీటిమట్టాన్ని ఉపగ్రహానికి పంపుతుంది. మూడు మీటర్లు దాటిందని అంకె వస్తే కట్ట కింది రేకుల షెడ్లలో సైరన్ మోగాలి. ఆ పనిని హేమంత్‌కుమార్ కంపెనీ పోయిన నెలే వేరేవాళ్ళ దగ్గర్నుంచి తీసుకుంది.

ఇంజనీరు చైతు ముసలాయన చేతిలోని తాళంచెవి లాక్కున్నాడు.

"బీగంచెవి ఇయ్యప్పా. వానమోడం పట్టుండాది. నీళ్ళు ఎక్కతాయి."

"అది శాటిలైట్ చూసుకుంటుందిలే తాతా. నువ్వెళ్ళి స్నానం చెయ్."

అందరూ నవ్వారు. నంజప్ప ఆయన్ని మెట్ల దాకా నెట్టుకుపోయాడు.

మధ్యాహ్నం వాన దంచికొట్టింది.

మూడు గంటల సందేశంలో అంకె ఉండాల్సిన చోట అడ్డగీతలు వచ్చాయి.

"కొలత లేదని అర్థం సార్. వెళ్ళి చూడనా?" అన్నాడు చైతు.

"ఈ ట్రాఫిక్‌లోనా? ఖాళీగా పోతే రిపోర్ట్ బాగోదు. నిన్నటి నంబర్ పెట్టెయ్."

పెట్టాడు. రెండు పాయింట్ ఒకటి.

సైరన్ మోగలేదు.

మర్నాడు ముగ్గురూ కారులో వెళ్ళారు. కట్ట కింద షెడ్లు లేవు. వంగిన రేకులు, గిన్నెలు, కంపుకొట్టే నురగ. ఆ షెడ్లలో ఉండే కెంపమ్మ బురదలోంచి పిల్లల బట్టలు ఏరుకుంటోంది.

"పెట్టె ఎందుకు పనిచెయ్యలేదో చూడాలి" అన్నాడు హేమంత్‌కుమార్.

"అదెట్ల చేస్తాది? పెద్దమునియప్పన్న పోయె కదా."

"ఎవరు?"

"నిన్న మీ గార్డు ఈడ్చుకోని పోలా? ఆయప్పే. నడుము లోతు నీళ్ళలో రేకులు బాది అందర్నీ బయటికి తరిమె. మేమంతా బతికితిమి. ఒక ముసిలామె కోసం మళ్ళా లోపలికి పోయె. గోడ పడె."

ఆమె తలెత్తలేదు.

"ఇప్పుడొస్తిరా?"

చైతు పెట్టె తెరిచాడు. లోపల బ్యాటరీ, అంకెల బొత్తాలు. పైకి యాంటెన్నా తీగ. నీళ్ళలోకి ఏ తీగా లేదు.

"సెన్సర్ ఏదిరా?" అన్నాడు హేమంత్‌కుమార్.

మూత లోపల సందేశం రాసే పద్ధతి అచ్చువేసిన కాగితం అంటించి ఉంది. హరిణి చదివింది. రోజూ అంకె పక్కన వచ్చే ‘ఎమ్’ దగ్గర ఆగిపోయింది.

"మీటర్లు అనుకున్నాం సార్. మాన్యువల్, అంటే చేత్తో నొక్కిన అంకె అట."

"ఫొటో తియ్యకు" అన్నాడు హేమంత్‌కుమార్.

ఏడేళ్ళుగా ఆ చెరువుకున్న సెన్సర్ పెద్దమునియప్పే.