నోరు విప్పని క్లాసు

"ఈ రెండు గుడ్డల్లో ఏది ముందు ఆరుతుంది?"

కొత్త టీచరు అదే ప్రశ్న మళ్ళీ అడిగింది. ఒక తడిగుడ్డ విప్పి కిటికీ ఊచలకు ఆరేసింది. అలాంటిదే ఇంకొకటి ముద్దలా చుట్టి బల్ల మీద పెట్టింది. నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగిన జవాబు అది. అయినా ఐదో తరగతి మొత్తం నోటికి తాళం వేసుకుని కూర్చుంది.

యూనివర్సిటీ నుంచి వచ్చిన ప్రొఫెసరు చివరి బెంచీలో ఉన్నాడు. పిల్లల బల్ల కింద మోకాళ్ళు పట్టక పక్కకి తిరిగి, మార్కుల కాగితం మీద పెన్ను ఆనించి చూస్తున్నాడు. కొత్త టీచరు చదివే డిగ్రీలో ఇది ఆఖరి పరీక్ష. ఈ ఒక్క పాఠం గట్టెక్కితే బడిలో ఉద్యోగానికి అర్హత వచ్చినట్టే. ఇల్లూ పిల్లాణ్ణీ అక్క మీద వదిలేసి ఇన్నాళ్ళూ చదివింది ఈ గంట కోసమే.

తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడింది ఆ క్లాసు అసలు టీచరు. పిల్లలు ఆమెను పెద్ద టీచరంటారు. కొత్త టీచరు ట్రైనింగుకి వచ్చిన మొదటి రోజే "నా క్లాసులో నీ ప్రయోగాలు కుదరవు" అని మొహం మీద చెప్పేసిన మనిషి. అప్పట్నించీ ఏదో ఒకటి. కొత్త టీచరు బోర్డు మీద రాసింది రాసినట్టే చెరిపేయడం, పిల్లలు గట్టిగా నవ్వితే వచ్చి తలుపు బాదడం, స్టాఫ్‌రూములో ఆమె కూర్చునే కుర్చీ మీద పాత చార్టులు పేర్చడం.

కొత్త టీచరు వాగుడుకాయ వైపు ఆశగా చూసింది. అడగని ప్రశ్నకు కూడా జవాబు చెప్తుందని క్లాసంతా ఆ పిల్లకు పెట్టిన పేరది.

"నువ్వు చెప్పమ్మా."

ఆ పిల్ల లేచింది. పెదాలు బిగబట్టి, కాసేపు పైకప్పు వంక చూసి, కూర్చుంది.

కొత్త టీచరు గుడ్డలు వాళ్ళ చేతికే ఇచ్చి తాకి చూడమంది. తాకారు. జాగ్రత్తగా తిరిగిచ్చేశారు. బోర్డు మీద ఎండా గాలీ బొమ్మ గీసింది. బుద్ధిగా చూశారు. మాట మాత్రం లేదు. ఈలోగా గంట మోగింది.

ప్రొఫెసరు వరండాలోకి పిలిచి, పాఠం బాగానే తయారు చేసుకుందని మెచ్చుకున్నాడు. ఆ తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కానీ నువ్వు గోడకి పాఠం చెప్పావమ్మా. ఎలా పాస్ చెయ్యను?" అన్నాడు. ఏడాది ట్రైనింగూ మొదటినుంచీ చేసి మళ్ళీ పరీక్షకి రావాలన్నాడు. పిల్లలు రోజూ ఇలా ఉండరని ఆమె ఎంత చెప్పినా ఆయన మెట్లు దిగుతూనే విన్నాడు.

ఆమె తిన్నగా స్టాఫ్‌రూముకి వెళ్ళింది. పెద్ద టీచరు టీ తాగుతోంది.

"మీ కడుపు చల్లబడిందా మేడమ్?"

"దేనికి?"

"నిన్నటిదాకా నేను అడక్కముందే చేతులెత్తిన పిల్లలు ఇవాళ మూగవాళ్ళెలా అయ్యారు? మీరే నోరెత్తొద్దని చెప్పుంటారు."

గదిలో మిగతా టీచర్లు పేపర్లు దిద్దుతున్నట్టు తలలు వంచుకున్నారు. ఒక్కరి పెన్నూ కదల్లేదు.

పెద్ద టీచరు తొణకలేదు. కప్పు కింద పెట్టింది. "నువ్వంటే నాకు పడదు. అది దాచుకునే అవసరం నాకు లేదు. నువ్వొచ్చాక నా క్లాసు నా మాట వినడం మానేసింది. నువ్వు పాసై ఎంత తొందరగా వెళ్ళిపోతే నాకంత ప్రశాంతం. నిన్న సాయంత్రం వాళ్ళని కూర్చోబెట్టి, బాగా జవాబులు చెప్పమని గట్టిగా చెప్పింది నేనే."

"అబద్ధం."

"వెళ్ళి వాళ్ళనే అడుక్కో."

అక్కడితో ఆగలేదు. పిల్లల్ని భయపెట్టడం తప్ప దగ్గరికి తీసుకోవడం మీకు చేతకాదని ఈమె అంది. వేషాలేసి నవ్వించడాన్ని పాఠం చెప్పడం అనరని ఆవిడ అంది. నువ్వెంతంటే నువ్వెంత అనేదాకా వచ్చాక, హెడ్మాస్టరు తన గదిలోంచి లేచొచ్చి ఇద్దరి మధ్యా నిలబడాల్సి వచ్చింది.

బ్యాగు తీసుకుని వెళ్ళిపోదామని కొత్త టీచరు క్లాసుకి వచ్చింది. పిల్లలు బిలబిలమంటూ లేచి నిలబడ్డారు. రోజూలా కూర్చోమని అనలేదు ఆమె.

"నేను ఫెయిలయ్యాను" అంది.

పిల్లలు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వుతో ఆమెకి ఒళ్ళు మండిపోయింది. ఇన్నాళ్ళలో ఆ పిల్లల మీద ఒక్కసారీ లేవని గొంతు అప్పుడు లేచింది.

"నేను మీకేం అన్యాయం చేశాను? ఒక్క దెబ్బ కొట్టానా? నా కష్టమంతా బూడిదలో పోసి నవ్వుతారా? మిమ్మల్ని నోరు మూసుకోమన్నది ఎవరు? పెద్ద టీచరేనా?"

వాగుడుకాయ కాదన్నట్టు తల అడ్డంగా ఊపింది. టీచరు ఎంత కోపంగా ఉన్నా ఆ పిల్ల మొహం మాత్రం వెలిగిపోతోంది.

"సరిగ్గా జవాబులు చెప్పకపోతే మీరు ఫెయిలైపోయి, ఇంకో ఏడాది మా దగ్గరే ఉండిపోతారని పెద్ద టీచర్ మమ్మల్ని బెదిరించారు టీచర్... అందుకే ఒక్కళ్ళం కూడా చెప్పలేదు."