షష్టిపూర్తి ఫ్లెక్సీ

నేరం ఒప్పుకునేదాకా మా స్టవ్ వెలగదట! ట్రాలీ ఆటోలో ఉల్లిపాయల మూటల మీద పడుకొని ఊరేగానని పొద్దున్నే, స్టవ్‌తో సహా ఇల్లంతా నడిపే మా వంటింటి స్మార్ట్ గోడ మీద ట్రాఫిక్ నోటీసు వెలిగింది. ఫొటోలో ఉన్నది నా మొహమే.

"అయ్యో, అది మీ షష్టిపూర్తికి కట్టిన ఫ్లెక్సీ కదండీ! మూటల మీద కప్పుకుంటానని ఉల్లిపాయలాయన అడిగితే ఇచ్చేశాను," అంది మా ఆవిడ రాజ్యం.

అదే మాట గోడకు చెప్పి చెప్పి నా నోరు నొప్పి పుట్టింది.

"ఫ్లెక్సీ తెచ్చి చూపించండి," అంది గోడ.

కాఫీ చుక్కైనా లేకుండా మార్కెట్టంతా గాలించి, ఆ ఫ్లెక్సీని స్కూటర్ వెనక సీటుకు కట్టుకొని ఇంటికొచ్చాను.

గోడ మీద ఇంకో నోటీసు!

"ముందు కూర్చున్న మీకు హెల్మెట్ ఉంది, సంతోషం. వెనక కూర్చున్న మీకు లేదు."