బెజ్జంలో ముక్క

టక్‌మంది.

చిన్న చప్పుడే. ట్యాపు పిడి అల్లుడి చేతిలో మిగిలింది. కొస బెజ్జంలో ఉండిపోయింది.

ట్యాపంటే నీళ్లొచ్చేది కాదు. స్క్రూ పట్టడానికి ఇనుములో మరలు కోసే సన్నటి పనిముట్టు. ఉక్కునైనా కోస్తుంది కానీ గాజులా పెళుసు. అది ఏ పనికిరాని ఇనప ముక్కలోనో విరిగితే అవతల పారేయొచ్చు. విరిగింది బడిలో డ్రిల్లు చేయించే టీచరమ్మ రైఫిల్లో. గొట్టం వచ్చి బిగుసుకునే ఉక్కు భాగం ఉంటుంది, రిసీవరంటారు, సరిగ్గా దాని నెత్తిన. రేపు పొద్దున ఆవిడకు షూటింగ్ పోటీ. ఇవాళ నాలుగింటికి వచ్చి, దుర్భిణి బిగించిన రైఫిలు పట్టుకుపోతుంది.

అంతకంటే పెద్ద చిక్కు మామగారు.

పెళ్లయి ఏడాదిన్నర అయింది. ఆ తుపాకుల మరమ్మతు కొట్లో అల్లుడి చేతికి తుడిచే గుడ్డా, నూనె సీసా తప్ప ఇంకొకటి దక్కలేదు. మామగారు తన పనిబల్ల దగ్గరికి ఎవరినీ రానివ్వరు. "నలభై ఏళ్లలో నా చేతిలో ఒక్క ట్యాపు విరగలేదు" అని కొట్టుకు వచ్చినవాళ్లందరికీ చెబుతారు. రానివాళ్లకు కబురంపుతారు.

అలాంటి మనిషి ఇవాళ పొద్దున్నే తనంతట తానే పిలిచారు.

"అల్లుడూ, దుర్భిణి బిగించే నాలుగు బెజ్జాల్లో మూడు అయిపోయాయి. నాలుగోది కూడా సగం కోశాను. మిగతా సగం నువ్వు కొయ్యి. శుభ్రంగా వచ్చిందా, రేపట్నుంచి బల్ల నీది. విరిగిందా, జన్మంతా గుడ్డే."

"నేనా మామయ్యా?"

"నువ్వు కాకపోతే మీ అత్తయ్యా? నూనె నిండా పోసి పెట్టాను. తుడిచి పాడుచెయ్యకు. తిప్పడమే నీ పని."

ఆ మాట అనేసి ముందు గదిలోకి వెళ్లి పేపరు తెరిచారు. అల్లుడు అర చుట్టు ముందుకూ, పావు చుట్టు వెనక్కూ తిప్పాడు. ఏడాదిన్నరగా దూరం నుంచి చూసి నేర్చుకున్నట్టే తిప్పాడు. మూడోసారికి టక్.

తలుపు తెర పక్కనుంచి భార్య తల పెట్టింది.

"ఏవండీ, ఇందాక ఏదో టక్‌మంది?"

"వేళ్లు విరుచుకున్నాను."

"మొహం చూస్తే మెడ విరిగినట్టుంది." దగ్గరికొచ్చి చూసింది. నవ్వు బయటికి రాకుండా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "నాన్నకి చెప్పనా?"

"నీకు దణ్ణం పెడతాను."

"కాస్త వంగి పెట్టండి. సరిగా కనపడటం లేదు."

ముందు గదిలోంచి మామగారు కేకేశారు. "అమ్మాయ్! లోపలేం పని నీకు? అతన్ని పని చేసుకోనీ. ఇవతలికి రా!"

అల్లుడు భూతద్దం పెట్టి చూశాడు. కొస లోపలికంటా విరిగింది. పట్టుకుని వెనక్కి తిప్పడానికి పట్టు దొరకదు. డ్రిల్లు పెడితే డ్రిల్లే అరిగిపోతుంది. ఇక ఒకటే దారి. పెళుసుది కాబట్టి, చుట్టూ ఉన్న మరలకు దెబ్బ తగలకుండా, దాన్ని లోపలే పొడి చెయ్యాలి. అదృష్టం కొద్దీ మేకులాంటి సన్న పంచి, చిటికెన వేలంత సుత్తి, అయస్కాంతానికి రుద్దిన సూది అన్నీ బల్ల మీదే వరసగా ఉన్నాయి. వెతుక్కునే పని తప్పింది.

ఊపిరి బిగబట్టి ఒక దెబ్బ. సూదితో ఒక నలుసు. మళ్లీ దెబ్బ, మళ్లీ నలుసు. భోజనానికి లేవలేదు. రమ్మని మామగారూ పిలవలేదు.

మూడున్నరకే టీచరమ్మ వచ్చేసింది. అల్లుడి పైప్రాణాలు పైనే పోయాయి.

"రండమ్మా, రండి! కూర్చోండి" అన్నారు మామగారు. వచ్చినవాళ్లను నిలబెట్టి మాట్లాడి పంపే మనిషి ఇవాళ కుర్చీ వేశారు. కూర్చోబెట్టి అడవిపంది కథ ఎత్తుకున్నారు.

"ఈ పంది సంగతి కిందటిసారే చెప్పారు కదండీ?"

"అది వేరే పందమ్మా. ఇది దాని తమ్ముడు."

భార్య మళ్లీ తెర దగ్గరికి వచ్చింది. "ఏవండీ, మరమ్మతా, పురుడా?"

"ఇంకొంచెం సేపు."

"ఆడో మగో తొందరగా చెప్పి పుణ్యం కట్టుకోండి. అవతల పందుల వంశం అయిపోవస్తోంది."

నాలుగూ పదికి ఆఖరి నలుసు సూది మొనకు అంటుకుని వచ్చింది. అల్లుడు దాన్ని సాసరులో వేసి చూశాడు. ఇంత చిన్న కొసలో ఇన్ని ముక్కలా అనుకున్నాడు. భయంతో ఉన్న కంటికి అన్నీ ఎక్కువే కనిపిస్తాయని సరిపెట్టుకున్నాడు. కొత్త ట్యాపుతో మిగతా మరలు కోసి స్క్రూ తిప్పాడు. వెన్నలో దిగినట్టు దిగింది.

"సాసరు అవతల పారబోసి, నోరు మూసుకుని కూర్చోండి" అని గుసగుసలాడింది భార్య. "నలభై ఏళ్ల పరువు అది. నాన్న తట్టుకోలేరు."

అల్లుడు సాసరు చేతిలోకి తీసుకున్నాడు. పారబోయబుద్ధి కాలేదు. అబద్ధంతో ఆ బల్ల దగ్గర కూర్చుంటే రోజూ గుచ్చుకుంటుంది.

ఇంతలో మామగారే లోపలికొచ్చారు. "అమ్మాయ్, టీచరమ్మగారికి మంచినీళ్లివ్వు" అని కూతుర్ని పంపేశారు.

అల్లుడు సాసరు ముందుకు చాపాడు. "మామయ్యా, ట్యాపు విరిగింది. తీసేశాను. మరలు చెడలేదు. మాట మాటే కదా, ఆ గుడ్డ ఇటిచ్చెయ్యండి."

మామగారు కళ్లజోడు పైకి జరిపి సాసరులోకి వంగారు. నలుసుల్ని వేలితో అటూ ఇటూ కదిపారు. తెర వైపు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించారు.

"నీది సరేలే అల్లుడూ, దాని కింద మొన్న నేను విరగ్గొట్టిన ముక్క కూడా వచ్చేసిందా?"