కొంగల తుంగలో నీటికోడి

మౌనం తనకు గిట్టదని నీటికోడి ఏనాడూ పైకి అనలేదు. కొంగల తుంగపొదలో పుట్టి పెరిగిన పిల్ల, ఎలా అంటుంది?

పాము కనబడితే ఎవరైనా సరే కూసి తీరాలన్నది ఆ చెరువు కట్టుబాటు. కొంగలకేమో పొద్దు పొడిచేదాకా మౌనవ్రతం. కొంగ జపమని లోకం నవ్వినా, వాటిది నిజమైన భక్తే. అందుకే తీర్పు చెప్పే ముసలి తాబేలు వాటికి మినహాయింపు ఇచ్చింది. దాంతో పెద్దకొంగ, "మా తుంగలో ఉండేవాళ్లంతా మాలాగే ఉండాలి. కూస్తే గూడు ఖాళీ చెయ్యాలి" అంది.

నీటికోడి తాబేలు దగ్గరికి పోయి అడిగింది. "తాతా, వ్రతం వాళ్లది. నా గొంతు కూడా వాళ్లదేనా?"

తాబేలు మెడ లోపలికి లాక్కుంది. "తుంగ వాళ్లది కదమ్మా. నచ్చకపోతే వేరేచోట గూడు కట్టుకో."

"గుడ్లు పెట్టాక ఎక్కడికి పోను? అందరికీ నీలాగా ఇల్లు వీపు మీద ఉండదు తాతా."

తాబేలు తీర్పు మార్చలేదు.

ఒక వేకువన చెరువంతా పాలపొగలాంటి మంచు. నీళ్లూ ఆకాశమూ ఒకదాంట్లో ఒకటి కరిగిపోయి, గూళ్లు గాలిలో తేలుతున్నట్టున్నాయి. ఆ తెలుపులో సన్నని నల్లగీత ఒకటి మెల్లగా కదులుతోంది. పాము. అది సాగుతున్న అవతలి ఒడ్డున పిల్లల్ని రెక్కల కింద పెట్టుకుని నీటికోడి అక్క నిద్రపోతోంది.

కొంగలూ చూశాయి. కళ్లు మూసుకుని జపంలోకి జారుకున్నాయి. పెద్దకొంగ మాత్రం ఒక కన్ను తెరిచి నీటికోడి వంక చూసింది.

పొట్ట కింద గుడ్లు వెచ్చగా ఉన్నాయి. నీటికోడి వాటిని ఒకసారి ముక్కుతో సర్దుకుంది. తర్వాత మెడ చాచి, అక్కను పిలవడానికి నోరు తెరిచింది.